కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన కాలనీవాసులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం చేపట్టిన కార్యక్రమాల్లో ముందుగా చెప్పుకోవలసినవి సంక్రాంతి సంబరాలే. మిగతా పండుగలు తిథులను బట్టి ఏటా ముందుకూ వెనక్కూ జరుగుతుంటే, సంక్రాంతి మాత్రం జనవరి 14న గానీ 15న గానీ ఎందుకు వస్తుందని నిరుటి బొమ్మల కొలువు దగ్గర ఒక పిల్లవాడు అడిగితే, పెద్దవాళ్లం ఉండి కూడా సరైన జవాబు చెప్పలేకపోయాము. ఆ బాకీ తీర్చుకోవాలనే ఈసారి కొలువు పక్కనే పటాలు పెట్టి, మన కాలనీలోని ఒక విశ్రాంత ఉపాధ్యాయుల చేత ప్రసంగం చేయించాము.

సూర్యుడు మకర రాశిలో ప్రవేశించే క్షణాన్ని బట్టి వచ్చే పండుగ కనుక దీనికి చంద్రునితో పని లేదని, నక్షత్రాలను బట్టి కొలిచే సంవత్సరం 365 రోజుల 6 గంటల 9 నిమిషాలు కావడంతో ఆ క్షణం ఏటా ఆరు గంటలు ఆలస్యమై, లీపు సంవత్సరపు అదనపు రోజుతో మళ్లీ వెనక్కి వస్తుందని, అందువల్లనే 2024లో 15న జరుపుకున్న పండుగ 2025లో 14నే వచ్చిందని వారు వివరించారు. సూర్యుడు నిజానికి ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21, 22 తేదీల్లోనే. సుమారు 1700 ఏళ్ల కిందట ఉత్తరాయణమూ మకర సంక్రమణమూ ఒకే రోజున వచ్చేవి. భూమి అక్షం మెల్లగా దిశ మారడం, అంటే అయనచలనం వల్ల దాదాపు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున ఎడం పెరిగి, ఇప్పుడది మూడు వారాలు దాటింది. ఈ మాట విన్నాక పిల్లలు పటం చుట్టూ చేరి వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకోవడం ఈ ఏడాది నాకు కలిగిన గొప్ప తృప్తి.

భోగి మంటలో టైర్లు, ప్లాస్టిక్ వేయనీయకుండా పిడకల దండలు, పాత కలపతోనే సరిపెట్టాము. సాయంత్రం పసిపిల్లలకు రేగిపళ్లు, చెరకు ముక్కలు, చిల్లర కలిపి భోగిపళ్లు పోశారు. పక్క ఊరి నుంచి వచ్చిన హరిదాసు గారు తలమీది అక్షయపాత్రను దించకుండా మోకాళ్ల మీద వంగితే, ఒక చిన్నారి మునివేళ్ల మీద నిలబడి దోసెడు బియ్యం పోసింది. ఆ దృశ్యం చూడని సభ్యులు నిజంగా నష్టపోయారు. నైలాను మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది కనుక గాలిపటాలకు నూలు దారమే పంచాము. కోడిపందేలకు స్థలం అడిగిన వారికి చట్టం ఒప్పుకోదని కుదరదన్నాము. కనుమ నాడు గోపూజ, మినప గారెల విందు జరిగాయి.

ముగ్గులకు రంగులిచ్చిన మహిళా సభ్యులకు, వంటకు పూనుకున్న దంపతులకు, మైకు ఉచితంగా ఇచ్చిన దాతకు సంఘం కృతజ్ఞతలు తెలుపుతోంది. అయితే స్వచ్ఛంద సేవకులుగా పేర్లిచ్చిన వారిలో చాలామంది భోగి తెల్లవారుజామున రాలేదు, ఫోనూ ఎత్తలేదు. కట్టెలు మోసింది అరవై దాటిన పెద్దలు. బూడిద ఎత్తించమని రెండుసార్లు అర్జీ ఇచ్చినా అధికారులు కదలకపోవడంతో ఆ పనీ మనమే చేసుకున్నాము.

జమాఖర్చుల పట్టిక జతచేయడమైనది, దయచేసి ఆమోదించగలరు. వచ్చే పండుగకు పనిచేయదలచినవారు ధనుర్మాసం మొదలయ్యేలోగా, నిజంగా రాగలిగితేనే, పేర్లు నమోదు చేసుకోవలసిందిగా మనవి.

ఇట్లు,
కార్యదర్శి