ఆర్సీలో ఒక కారు, కళ్ల ముందు ఇంకో కారు

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల ఎంవీపీ కాలనీలో ఒకాయన అమ్ముతున్న కారు చూడ్డానికి వెళ్లాను. 1950ల నాటి పోర్షే 356 స్పీడ్‌స్టర్‌కి నకలు అది, చిన్నప్పట్నుంచీ నాకు ప్రాణం లాంటి మోడల్, చూడగానే అడ్వాన్స్ చేతిలో పెట్టేయాలనిపించింది. నకలని ఆయనే చెప్పారు, దాచలేదు. కానీ ఆర్సీ చూస్తే అందులో ఉన్నది పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్! ఇలాంటివి ఎక్కువగా బీటిల్ ఛాసిస్ (బండి అడుగు చట్రం) మీద ఫైబర్ బాడీ ఎక్కించే తయారుచేస్తారు, రెండింటికీ ఇంజన్ వెనకే కాబట్టి. అయితే కంపెనీ ఇచ్చిన రూపానికీ ఆర్సీ వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే అంది. రేపు ప్రమాదం జరిగి బీమా వాళ్లు మెలిక పెడితే ఎవరిని అడగాలి? ఆ టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్రపట్టలేదు, చివరికి వద్దనుకున్నాను.

ఇంకోటి, ఫైబర్‌కి తుప్పు పట్టదు గానీ కింద ఉన్న ఇనుముకి పడుతుంది, మన సముద్రపు గాలికి మరీ తొందరగా. బండిని లిఫ్ట్ ఎక్కించి అడుగు చూడకుండా, ఛాసిస్ నంబరు ఆర్సీతో పోల్చకుండా డబ్బు ఇవ్వకండి. బండిని మీ పేరు మీదికి మార్చుకోడానికి కావాల్సిన ఫారం 29, 30 మీద అమ్మేవారి సంతకాలు కూడా ముందే పెట్టించుకోండి.

ఏ మార్పులు చెల్లుతాయో, ఏవి చెల్లవో రవాణా శాఖ తేలిక తెలుగులో ఒక పేజీ రాసి ఆఫీసుల్లో అంటించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం