గేటు దగ్గర బండితో పాటు ఇంజన్ కూడా ఆపండి

తల్లిదండ్రులకు నమస్కారం.

యూనిట్ టెస్టుల తేదీలు, యాన్యువల్ డే వివరాలు వెనక పేజీలో ఉన్నాయి, చూసుకోండి. ఈసారి నేను రాసేది పొగ గురించి.

సాయంత్రం బెల్ కొట్టే వేళకి మన సందు బండ్లతో నిండిపోతుంది. సగం కార్లు ఏసీ వేసుకుని ఆన్‌లోనే ఉంటాయి, బైకుల మీద వచ్చిన వాళ్లలోనూ కొందరు మళ్లీ సెల్ఫ్ కొట్టడం ఎందుకులే అన్నట్టు ఇంజన్ అలాగే ఉంచి ఫోన్ చూసుకుంటుంటారు. గేటు పక్క గోడకి జూన్‌లోనే సున్నం వేయించాం. ఇప్పుడు చూడండి, మోకాలెత్తు దాకా మసి. ఎల్‌కేజీ పిల్లలు నిలబడితే ముఖాలు మనకన్నా ఆ ఎత్తుకి దగ్గరగా ఉంటాయి, పైగా వాళ్ల బరువుతో పోలిస్తే వాళ్లు పీల్చే గాలి మనకన్నా ఎక్కువ. డీజిల్ పొగ వల్ల క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చేసింది.

"మాది బీఎస్-6 బండి సార్, పొగే రాదు" అంటారు కొందరు. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బండ్ల పొగకి పరిమితి పెట్టే ఆ నిబంధన వచ్చింది, ఇంధనంలో గంధకం కూడా 50 పీపీఎం (పది లక్షల పాళ్లలో 50 పాళ్లు) నుంచి 10కి తగ్గింది, కాదనను. కానీ సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే కన్వర్టర్ బాగా వేడెక్కితేనే పనిచేస్తుంది. పొద్దున్నే కిలోమీటరు దూరం నుంచి కారులో దింపేవాళ్ల విషయంలో అది వేడెక్కేలోపే స్కూల్ వచ్చేస్తుంది! అంత దగ్గరున్న వాళ్లు నడిపించుకు రండి, పిల్లలకి కబుర్లు చెప్పడానికి కూడా టైమ్ దొరుకుతుంది.

ఆపి స్టార్ట్ చేస్తే పెట్రోల్ ఎక్కువ తాగుతుందనేది పాత బండ్ల కాలం మాట. ఇప్పటి బండ్లకి పది సెకన్లకి మించి ఆగాల్సి వస్తే ఆపేయడమే లాభం.

పొల్యూషన్ సర్టిఫికెట్ సంగతి. కొత్త బండికి రిజిస్ట్రేషన్ అయిన ఏడాది తర్వాత నుంచి ఇది ఉండాల్సిందే, లేకపోతే చట్టం ప్రకారం పదివేల దాకా జరిమానా పడొచ్చు. అయితే ఆ పరీక్షలో పెట్రోల్ బండికి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు, డీజిల్ బండికి పొగ చిక్కదనం మాత్రమే చూస్తారు, నైట్రోజన్ ఆక్సైడ్ల లెక్క అందులో ఉండదు. కాబట్టి కాగితం ఉంది కదా అని ధీమా పడకండి. నల్ల పొగ వస్తుంటే ఎయిర్ ఫిల్టర్ చూపించండి, నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్ మండిపోతోందని అర్థం, మెకానిక్ దగ్గరకి వెళ్లాల్సిందే. బండి పైపు దగ్గరకి కూడా రాకుండా నంబర్ ప్లేట్ ఫోటో తీసుకుని సర్టిఫికెట్ చేతిలో పెట్టే వాళ్ల దగ్గరకి మాత్రం దయచేసి వెళ్లకండి.

మరి మీ స్కూల్ బస్సుల మాటేమిటి అంటారా, అడగాల్సిందే. పిల్లలంతా ఎక్కి కూర్చునే దాకా ఇంజన్ స్టార్ట్ చేయకూడదని డ్రైవర్లకి చెప్పాం. చేస్తే బస్సు నంబర్ ఆఫీసులో చెప్పండి.

సోమవారం నుంచి కార్లు సందులోకి రాకూడదు. మెయిన్ రోడ్డు మీద మెడికల్ షాపు పక్కన ఆపుకోండి, ఐదో తరగతి లోపు పిల్లల్ని టీచర్లే అక్కడిదాకా తీసుకొస్తారు. నడవలేని పెద్దవాళ్లు వచ్చేటట్టుంటే ముందురోజే ఆఫీసుకి ఫోన్ చేస్తే లోపలికి వదులుతాం. వాచ్‌మన్ ఇంజన్ ఆపమంటే ఆయన మీద కోప్పడకండి, చెప్పమన్నది నేనే.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయుడు