ఏడు నోట్లూ నొక్కక్కర్లేదు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో పిల్లల కోసం వేస్తున్న కీబోర్డ్ పాఠాలు వదలకుండా చూస్తున్నాను. మొన్నటి పాఠంలో 'సి థర్టీన్' కార్డ్ (కలిపి ఒకేసారి మోగించే నోట్ల గుంపు) అంటే సి, ఈ, జి, బి ఫ్లాట్ (బి కి ఎడమ పక్కనున్న నల్ల మెట్టు), డి, ఎఫ్, ఏ అని ఏడు నోట్లూ వరసగా వేశారు. పుస్తకం లెక్కకి తప్పేం లేదు. ఏ చేత్తో ఏవి నొక్కాలో మాత్రం రాయలేదు.

మాది పెరంబూర్. రైల్వేలో రిటైరయ్యాక సాయంత్రాలు ఇంట్లోనే కీబోర్డ్ నేర్పుతున్నాను. పై అంతస్తు అమ్మాయి, పదకొండేళ్లది, ఆ కాగితం కత్తిరించి తెచ్చింది. మిడిల్ సి (కీబోర్డ్ మధ్యలో ఉండే సి) కి రెండు ఆక్టేవులు (ఒక సి నుంచి తర్వాతి సి దాకా ఒక ఆక్టేవ్) కిందనుంచి మొదలుపెట్టి, ఎడమ చేత్తో నాలుగు, కుడి చేత్తో మూడు, పళ్లబిగువున నొక్కింది. "తాతగారూ, కీబోర్డ్ పాడైందా?" అంది. పాడవలేదు. అంత కింద నాలుగు నోట్లు పక్కపక్కన ఇరికిస్తే ముద్దగానే మోగుతాయి. దానికి తోడు ఎడమ చేతిలోని ఈ, కుడి చేతిలోని ఎఫ్ కొట్టుకుంటున్నాయి.

ఎఫ్ తీసేయమన్నాను. జి కూడా అక్కర్లేదు, అది లేకపోయినా కార్డ్ పోలిక మారదు. ఆ పోలిక తెచ్చేవి ఈ, బి ఫ్లాట్. ఎడమ చేతికి మిడిల్ సి కి ఒక ఆక్టేవ్ కిందున్న సి, దాని పైన బి ఫ్లాట్: చిటికెన వేలు, బొటన వేలు, అంతే. కుడి చేతికి మిడిల్ సి పైనున్న ఈ, ఏ, ఆపైన డి. నొక్కి, వేళ్లు తియ్యకుండా నా మొహం చూసింది.

అక్కణ్నుంచి ఇంకో కార్డ్, ఎఫ్ మేజర్ నైన్‌కి వెళ్లడం చూపించాను. ఎడమ చిటికెన వేలు సి నుంచి పై ఎఫ్‌కి ఎక్కుతుంది, బొటన వేలు బి ఫ్లాట్ నుంచి ఏ కి దిగుతుంది. కుడి చేతిలో ఈ కదలదు. ఏ వచ్చి జి మీద, డి వచ్చి సి మీద కూర్చుంటాయి. ఆరోజు గంటసేపు ఆ రెండు కార్డ్స్ మధ్యే తిరిగింది పిల్ల, వాళ్లమ్మ భోజనానికి పిలిచేదాకా. (మా చర్చిలో బేస్ గిటార్ కుర్రాడు వచ్చిన ఆదివారం నేను ఎడమ చేతి సి కూడా వదిలేస్తాను. ఆ కింది నోటు అతని వాటా.)

వచ్చే వారం ఎడమ చేతి నోట్లు, కుడి చేతి నోట్లు విడివిడిగా వేసి సవరణ ఇవ్వండి. అదే సైజులో వేస్తే మంచిది. పాతది అట్టకి అంటించేసిందట, దాని మీదే అతికించుకుంటానంటోంది.

ఒక పాఠకుడు,
పెరంబూర్, చెన్నై