చిన్న గుర్రపు యజమానులను నిలబెట్టండి: న్యూజెర్సీ రేసింగ్ కమిషన్‌కు బహిరంగ లేఖ

కమిషన్ అధ్యక్షులకు నమస్కారం.

2024 డిసెంబరు 28న హార్నెస్ గుర్రప్పందేల మైదానమైన ఫ్రీహోల్డ్ రేస్‌వేలో చివరి పందెం జరిగింది. మా కౌంటీలోని ఆ అరమైలు ట్రాక్‌తో పాటు, ఒకటి రెండు గుర్రాలతో నెట్టుకొస్తున్న కుటుంబాల ఆధారమూ పోయింది.

హార్నెస్ పందెంలో గుర్రం మీద ఎవరూ ఎక్కరు. రెండు చక్రాల తేలికపాటి బండిలో కాళ్లు ముందుకు చాపి, గుర్రం తోక ఒడిలో పడేంత దగ్గరగా కూర్చుని తోలాలి. గుర్రం అడుగు తప్పి దౌడు తీస్తే పగ్గం బిగించి దారికి తేవాలి. బరువు కన్నా ఒడుపే ముఖ్యం కాబట్టి, యాభై దాటినవారు కూడా తమ గుర్రాన్ని తామే తోలగలరు. పొద్దున శాల ఊడ్చి, మధ్యాహ్నం పందెంలో కూర్చునే మనుషులే ఈ క్రీడకు ప్రాణం.

పొరుగున న్యూయార్క్, పెన్సిల్వేనియా ట్రాక్‌లకు క్యాసినో రాబడి అండగా ఉంది. మన రాష్ట్రంలో క్యాసినోలున్నది అట్లాంటిక్ సిటీలోనే; ఆ ఊరి బయట అవి వద్దని మన ఓటర్లు 2016లో తేల్చారు, కాబట్టి మన ట్రాక్‌లకు ఆ అండ లేదు. ఆ తీర్పును గౌరవిస్తాను. కానీ దాని భారం చిన్నవారి మీదే పడటం అన్యాయం. మన రాష్ట్రంలోనే ఉన్న మెడోల్యాండ్స్ మైలు ట్రాక్‌పై అందరి గుర్రాలూ పోటీకి నిలవలేవు.

పందేల బహుమతి సొమ్ముకు రాష్ట్రం 2019లో మొదలుపెట్టిన సాయంలో ఒక వాటాను ఒకటి రెండు గుర్రాలున్నవారికి కేటాయించండి. సాధారణ స్థాయి గుర్రాలకు పగటి పందేలు పెట్టించండి. కొత్తగా నేర్చుకునే యువతకు లైసెన్సు రుసుము తగ్గించండి. ఈ నిర్ణయాలు తీసుకునేటప్పుడు శాలల్లో పనిచేసేవారిని కూడా పిలిచి అడగండి.

ఇట్లు,
మాన్మత్ కౌంటీ తెలుగు నివాసి