సెల్ఫ్ మోటారు గర్రుమంటోందని వచ్చే పాత పికప్‌ల విషయంలో మా కొత్త పద్ధతి

మా షాపుకు వచ్చే బండి యజమానులకు, డ్రైవర్లకు నమస్కారం. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇనుమును ఇనుము కొరుకుతున్నట్టు గర్రుమని చప్పుడు చేసే పాత పికప్‌లకు, ఆ చప్పుడు ఒక్కటే విని కొత్త మోటారు బిగించడం మానేస్తున్నాము. ముందు పరీక్ష చేస్తాము, దానికి 400 రూపాయలు తీసుకుంటాము, మరమ్మతు మా దగ్గరే చేయించుకుంటే ఆ మొత్తాన్ని బిల్లులో తగ్గిస్తాము. విజయవాడ ఆటోనగర్‌లో మాకంటే తొందరగా మోటారు మార్చి పంపే షాపులు ఉన్నాయి కనుక, మేము ఎందుకు ఆలస్యం చేస్తామో, ఆ డబ్బు దేనికో చెప్పవలసిన బాధ్యత మాపై ఉంది.

నూజివీడు మామిడికాయలు, గుంటూరు యార్డుకు వెళ్ళే మిర్చి బస్తాలు, కైకలూరు వైపు చేపల పెట్టెలు మోసే బొలెరో పికప్‌లు, టాటా 207లు మా దగ్గరకు ఎక్కువగా వస్తాయి. సరుకు దించే ప్రతి చోటా ఆపి, మళ్ళీ స్టార్టు చేసే బళ్ళు ఇవి. పైగా డీజిల్ ఇంజిను కంప్రెషను ఎక్కువ కాబట్టి, సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ మోటారు మీదా, ఇంజిను వెనుక తిరిగే ఫ్లైవీలు అనే బరువైన చక్రం చుట్టూ ఉండే పళ్ళ రింగు (రింగు గేరు) మీదా పడే భారం పెట్రోలు కారులో కంటే చాలా ఎక్కువ.

తాళం తిప్పగానే మొదట సెల్ఫ్ మోటారు మీద ఉండే సోలినాయిడ్ అనే అయస్కాంతపు స్విచ్చి పనిచేసి, ఫోర్కు సాయంతో మోటారు షాఫ్టు మీది బెండిక్స్‌ను, అంటే దాని కొసన ఉండే పినియన్ అనే చిన్న పళ్ళ చక్రాన్ని, ముందుకు తోసి రింగు గేరు పళ్ళలోకి ఎక్కిస్తుంది. పళ్ళు పళ్ళలో కూర్చున్న తరువాతనే లోపలి కాంటాక్టులు కలిసి, బ్యాటరీ కరెంటు మొత్తం మోటారుకు చేరుతుంది. ముందు పళ్ళు కలవాలి, తరువాతనే మోటారు గట్టిగా తిరగాలి. గర్రు చప్పుడు వినిపించిందంటే ఈ వరుస ఎక్కడో తప్పిందని, లేదా పళ్ళు పూర్తి లోతుకు పట్టడం లేదని అర్థం. అయితే తప్పు మోటారులోనే ఉందని ఆ చప్పుడును బట్టి చెప్పలేము.

అందుకే మోటారు విప్పకముందే బ్యాటరీతో మొదలుపెడతాము. పూర్తిగా చార్జి అయిన బ్యాటరీ, దాని మీద ఏ లోడూ లేనప్పుడు, సుమారు 12.6 వోల్టులు చూపాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 వోల్టుల కంటే కిందికి పడిపోతే బ్యాటరీని లోడు టెస్టరుతో చూడవలసిందే. తరువాత బ్యాటరీ ప్లస్ నుంచి మోటారు వరకు, మోటారు బాడీ నుంచి బ్యాటరీ మైనస్ వరకు, సెల్ఫ్ కొడుతుండగానే మీటరు పెట్టి చూస్తాము. ప్లస్ వైపు అర వోల్టు, ఎర్త్ వైపు 0.2 వోల్టు దాటి నష్టం కనిపిస్తే, ఆ తీగలోనో, దాని కొసన బిగించే లగ్గులోనో తుప్పు పట్టడం వంటి లోపం ఉంటుంది. ఇంజిను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి ఛాసిస్ నుంచి ఇంజినుకు వెళ్ళే ఎర్త్ పట్టీ తెగితే, కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ వంటి దారులు వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టిన తరువాత ఆ కేబుల్ వేడెక్కిందంటే మాకు సగం జవాబు దొరికినట్టే. వోల్టేజి చాలనప్పుడు సోలినాయిడ్ పినియన్‌ను పట్టి ఉంచలేక వదులుతూ పడుతూ, పళ్ళ అంచులను కొడుతూ ఉంటుంది. అటువంటి బండికి కొత్త మోటారు బిగించినా అదే చప్పుడు వస్తుంది.

తీగలు బాగుంటే బ్యాటరీ మైనస్ విప్పి, మోటారును దించి, అది కూర్చున్న రంధ్రంలోంచి టార్చి వేసి రింగు గేరును చూస్తాము. మా సమయం ఎక్కువగా పట్టేది ఇక్కడే. నాలుగు సిలిండర్ల ఇంజిను ఆగేటప్పుడు కంప్రెషనుకు ఎదురుతిరిగి దాదాపు ప్రతిసారీ ఎదురెదురుగా ఉన్న రెండు స్థానాలలో ఒకచోట ఆగుతుంది. అందువల్ల పినియన్ ఎప్పుడూ అవే పళ్ళను తాకి, రింగులో ఆ రెండు చోట్లే పళ్ళు అరిగిపోతాయి, మిగతా చుట్టంతా కొత్తదానిలా ఉంటుంది. ఒక్క చోట చూసి బాగుందని అనుకోకుండా, క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి ఇంజినును నెమ్మదిగా తిప్పుతూ చుట్టు మొత్తం చూడాలి. ఒకసారి గర్రుమని, మరుసటిసారి మామూలుగా స్టార్టయ్యే బండిలో మేము మొదట అనుమానించేది ఈ అరుగుదలనే. డ్రైవర్లు దీన్ని తామే గమనించవచ్చు: చప్పుడు వచ్చినప్పుడు తాళం తీసేసి, బండిని టాప్ గేరులో ఉంచి ఒక అడుగు ముందుకు నెట్టి, న్యూట్రల్‌లోకి తెచ్చి మళ్ళీ సెల్ఫ్ కొడితే చక్కగా పట్టుకుందంటే, రింగు గేరు సంగతి చూడవలసి ఉంటుంది.

రింగు బాగుంటే దోషం మోటారు వైపే. బిగింపు బోల్టులు వదులైనా, షాఫ్టును నిలబెట్టే బుష్‌లు అరిగి, మోటారు లోపల తిరిగే ఆర్మేచర్ పక్కకు వాలినా, ఫోర్కు అరిగినా పినియన్ వంకరగా వెళ్ళి కూర్చుంటుంది. ఇంజిను వెనుక ఆయిల్ సీలు కారుతుంటే క్లచ్ దుమ్ముతో కలిసిన జిగురు బెండిక్స్‌ను నడవనివ్వదు. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో నిలిచిపోయిన బళ్ళలో, ఇంజిను పైకి బాగానే ఉన్నట్టు కనిపించినా, కింద ఉండే సెల్ఫ్ మోటారులోకి నీరు చేరి షాఫ్టు గాట్లు తుప్పుపట్టడం మేము చూశాము. ఇటువంటి చోట బుష్‌లు, కార్బన్ బ్రష్‌లు, బెండిక్స్ మార్చితే సరిపోతుంది. మోటారు మొత్తం కొనవలసిన పని లేదు.

ఇక దాచకుండా చెప్పవలసిన మాట: మోటారు మార్చి పంపితే మాకు మిగిలేది ఎక్కువ, శ్రమ తక్కువ. రింగు గేరు పని దీనికి పూర్తిగా వ్యతిరేకం. గేరుబాక్సు, క్లచ్, ఫ్లైవీలు దించాలి. మేము ఆటో ఎలక్ట్రికల్ పని చేసేవాళ్ళము కాబట్టి ఆ భాగాన్ని పక్క షెడ్డు మెకానిక్‌తో చేయించి, ఆయన కూలిని బిల్లులో విడిగా రాస్తాము. కొత్త రింగును సుమారు 200 డిగ్రీల వరకు వేడిచేసి, వ్యాకోచించినప్పుడు ఫ్లైవీలు మీద దించుతారు. నీలం రంగు తిరిగేంత కాలిస్తే పళ్ళ గట్టిదనం పోతుంది కాబట్టి గ్యాసు మంటతో తొందరపడే పనివాడికి అప్పగించము. అరిగిన పళ్ళకు వెల్డింగు పోసి గీసే పని కూడా చేయము. బండి ఒక రోజంతా ఆగుతుందని, ఆ రోజు కిరాయి పోతుందని మాకు తెలుసు. గేరుబాక్సు ఎలాగూ దిగుతుంది కనుక క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు, వెనుక ఆయిల్ సీలు మీకు చూపించి, మార్చాలో వద్దో మీ చేతనే చెప్పిస్తాము.

ఫోనులో ధర అడిగేవారికి ఇకపై మేము చెప్పగలిగేది పరీక్ష రుసుము మాత్రమే. మీరే కొని తెచ్చిన మోటారును బిగిస్తాము గానీ, పినియన్ పళ్ళ సంఖ్య, తిరిగే దిశ పాతదానితో సరిపోలితేనే. దానికి మా గ్యారంటీ ఉండదు.

ఇంజిను స్టార్టయిన తరువాత కూడా గర్రు చప్పుడు ఆగకపోతే మాత్రం మా దగ్గరకు నడుపుకుని రావద్దు. పినియన్ రింగులోనే ఇరుక్కుందన్నమాట. రింగుకు పినియన్ కంటే పది రెట్లకు పైగా పళ్ళు ఉంటాయి కాబట్టి, ఇంజిను మామూలు ఐడిలింగులో ఉన్నా, లోపలి చిన్న క్లచ్ పట్టేసిన బెండిక్స్ ద్వారా ఆర్మేచర్ విపరీతమైన వేగంతో తిరిగి, దాని రాగి తీగ చుట్టలు విడిపోతాయి. వెంటనే ఇంజిను ఆపండి. ఆపినా మోటారు తిరుగుతూనే ఉంటే బ్యాటరీ మైనస్ విప్పి, తరువాత ఫోను చేయండి.

మార్చిన పాత సామాను ఏదైనా మీ ముందే విప్పి మీకే ఇస్తాము. కాలిపోయిన మోటారును మాకు వదిలేస్తే, అందులోని రాగికి ఆ రోజు పాత సామాను ధర కట్టి బిల్లులో తగ్గిస్తాము.