డబ్బు పోకముందు ఎవరికి చెప్పుకోవాలండి? రాష్ట్ర ఐటీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

నేను కోనసీమలో రాజోలు వేపు సెల్ రిపేరు షాపు నడుపుకునేవాడినండి. డిస్‌ప్లేలు, ఛార్జింగ్ పిన్నులు, వానలో తడిసిన ఫోన్లు, ఇదీ నా పని. అయితే ఈమధ్య కౌంటర్ మీదకి వచ్చే చాలా ఫోన్లకి అసలు రిపేరే ఉండట్లేదు. "బాబూ దీనికి వైరస్ ఎక్కేసింది, పడుకోనివ్వట్లేదు, ఒకటే మోత" అని చేతిలో పెడతారు. పైనుంచి కిందకి లాగి చూస్తే వరసగా నోటిఫికేషన్లు, మీ ఫోన్లో 13 వైరస్‌లు దొరికాయి, మీ బ్యాటరీ పాడైపోతోంది, మీకు 5 లక్షల లోన్ వచ్చేసింది, మీ కేవైసీ ఇవాళ్టితో ఆఖరు, మధ్యమధ్యలో పిల్లల ముందు తియ్యలేని బొమ్మలు. పాపం పెద్దాళ్ళు ఆ బొమ్మల వల్ల ఇంట్లో ఎవరికీ చూపించుకోలేక, మనవడికి కూడా ఇవ్వకుండా, నాలుగు రోజులు ఫోన్ ఆఫ్ చేసుకుని ఉండిపోతున్నారండి.

ఇది వైరస్ కాదు సార్. మీకు తెలిసే ఉంటది గానీ కింద ఆఫీసుల దాకా తెలిసినట్టు లేదు, అందుకే విడమర్చి చెప్తున్నా. క్రోమ్ లాంటి బ్రౌజర్లో ఏదైనా సైట్ తెరిస్తే నోటిఫికేషన్లు పంపమంటారా అని చిన్న డబ్బా వస్తది, అలో ఒకటి, బ్లాక్ ఒకటి. క్రోమ్‌లో ఈ ఏర్పాటు 2015లో వచ్చింది, వార్తల సైట్లకీ మెయిల్ కీ పనికొచ్చేదే, తప్పు పట్టేది ఏం లేదు. దొంగ సైట్లోళ్ళు ఆ డబ్బా వెనకాల పెద్ద అక్షరాలతో "మీరు రోబో కాదని చెప్పడానికి అలో నొక్కండి" అనో "వీడియో మొదలవ్వాలంటే అలో నొక్కండి" అనో రాసి ఒక బాణం గుర్తు కూడా పెడతారు. నొక్కారా, ఇక ఆ సైట్ మూసేసినా, మళ్ళీ జన్మలో దాని మొహం చూడకపోయినా, ఫోన్‌కి నెట్ ఉన్నంతసేపూ వాడు పంపుతూనే ఉంటాడు. పేపరు కుర్రాడికి రోజూ వేసెయ్యి అని చెప్పేసినట్టన్నమాట, వద్దని చెప్పేదాకా వాడు గుమ్మంలో పడేస్తానే ఉంటాడు, ఇంట్లోకి దొంగ దూరాడని మంచాల కింద వెతికితే ఏం దొరుకుద్దండి? అందుకే యాంటీవైరస్‌తో స్కాన్ చేస్తే "అంతా బాగుంది" అని వస్తది, అది చూసి జనం ఇంకా భయపడతారు.

మరి పంపేవాడికి ఏం లాభం అంటే, నొక్కిన ప్రతిసారీ ప్రకటనల దళారీ దగ్గర్నుంచి పైసలొస్తాయి. నొక్కినోడిని ఎక్కడికి తోలాలన్నది ఎవరు ఎక్కువిస్తే వాళ్ళిష్టం, ఇవాళ బెట్టింగ్, రేపు లోన్ యాప్, ఎల్లుండి "ఫోన్ శుభ్రం చేసే యాప్" అని ఒక ఏపీకే ఫైలు, అంటే ప్లే స్టోర్ నుంచి కాకుండా నేరుగా ఫోన్లో దింపుకునే యాప్. ఆ ఏపీకే దిగిందంటే మాత్రం అప్పుడు అసలు రోగం మొదలైనట్టు. ఐకాన్ కనపడకుండా దాక్కుంటది, మిగతా యాప్‌ల మీద కనిపించే పర్మిషన్ తీసుకుంటది, లాక్ తియ్యగానే స్క్రీన్ నిండా యాడ్ పడుద్ది, ఎస్సెమ్మెస్‌లు చదివే పర్మిషన్ కూడా ఇచ్చేసి ఉంటే ఓటీపీలు వాడి చేతిలో ఉన్నట్టే. పీఎం కిసాన్ పేరుతో, బండి చలానా పేరుతో వాట్సాప్‌లో తిరిగిన ఏపీకేలు ఎంతమందిని ముంచాయో మీ పోలీసుల దగ్గర లెక్కలు ఉంటాయి, నేను చెప్పక్కర్లేదు. నేననేది ఏంటంటే ఆ మునగడానికి ముందు మెట్టు ఒకటుంది, అక్కడ ఆపడం రెండు నిమిషాల పని, కానీ అది ఎవరి పనో ఎవరికీ తెలీదు.

మా జనం ఏవో చూడకూడనివి చూసి తెచ్చుకున్నారు అనుకోకండి సార్, చాలామంది అలాగే అనుకుంటారు, షాపులో నవ్వుతారు కూడా. కొత్త సినిమా ఫ్రీగా వస్తదని, క్రికెట్ లైవ్ అని వెళ్ళేవాళ్ళు ఉన్నారు, కాదన్ను. కానీ భీమవరం వేపు చెరువులున్న రైతు పొద్దున్నే వెతికేది ఇవాళ 100 కౌంట్ రొయ్య (కిలోకి వంద తూగేది) రేటెంత, 30 కౌంట్ ఎంత అని. కొబ్బరి ఉన్నాయన అంబాజీపేట మార్కెట్ రేటు చూస్తాడు. డిగ్రీ అయిన పిల్లలు ఉద్యోగాల నోటిఫికేషన్లు, హాల్ టికెట్లు వెతుకుతారు. జూలై, ఆగస్టు వచ్చిందంటే లంకల్లో ఉన్నోళ్ళందరూ ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదారి ఎన్ని అడుగులుందని చూస్తారు. ఇలా జనం ఎక్కువగా వెతికేవాటికి సర్కారు పేజీ మొబైల్లో తెరుచుకోక, తెరుచుకున్నా ఏ మూలనో పీడీఎఫ్‌లో ఉండి, దానికంటే ముందు ఇలాంటి సైట్ ఒకటి గూగుల్లో తగులుద్ది. 2025లో ఇంటర్ రిజల్ట్స్ ప్రభుత్వ వాట్సాప్ సేవ మన మిత్రలో ఇచ్చారు చూడండి, అది నిజంగా మంచి పని, పిల్లలు ఆ రోజు పది సైట్లు తిరగక్కర్లేకుండా చేశారు. ఆ బుద్ధి మిగతావాటికీ పెట్టమంటున్నా, బ్యారేజీ నీటిమట్టం, పంటల రేట్లు, ఉద్యోగాల ప్రకటనలు.

ధవళేశ్వరం ఎలాగూ వచ్చింది కాబట్టి ఒక మాట. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, మా లంకల్లో చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చు. 2022 జూలైలో మూడోది కూడా దాటేసి ఎలా ముంచిందో మర్చిపోలేదు. ఇప్పుడు ప్రభుత్వం హెచ్చరికలు ఫోన్‌కి కూడా పంపుతోంది, 2023లో ఫోన్లు సైరన్‌లా మోగేలా పరీక్ష మెసేజ్‌లు పంపారు కూడా, అప్పుడు మా షాపుకి పరుగెత్తుకొచ్చినోళ్ళున్నారు ఫోన్ పేలిపోద్దేమో అని. ఆ ఏర్పాటు మంచిదే. కానీ రోజుకి ఇన్ని అబద్ధపు "హెచ్చరిక! వెంటనే చూడండి" వచ్చే ఫోన్ ఉన్న ముసలావిడ ఏం నేర్చుకుంటదండి? ఎర్ర రంగులో ఏది వచ్చినా పక్కకి తోసెయ్యడం, లేదంటే సౌండ్ మొత్తం ఆపేసి దిండు కింద పెట్టుకోవడం. రేపు నిజంగా గోదారి వచ్చినప్పుడో తుఫాను వచ్చినప్పుడో మీరు పంపిన మెసేజ్ కూడా ఆ కుప్పలోనే కలిసిపోద్ది. 96 తుఫాను చూసిన ఊళ్ళండి మావి, దీన్ని ఏదో చిన్న చికాకు కింద తీసెయ్యొద్దు.

ఇంకో సంగతి, మా వేపు చాలా ఇళ్ళల్లో ఉండేది పెద్దాళ్ళే. కూతురు కువైట్‌లో, కొడుకు దుబాయ్‌లో, ఫోన్ కూడా అక్కణ్ణుంచే వచ్చింది, కొన్నింటిలో నోటిఫికేషన్లు అరబిక్‌లో ఉంటాయి, అందులో ఏముందో నాకూ తెలీదు, ఫోన్ తెచ్చిన పెద్దావిడకీ తెలీదు. పాత ఫోన్లు, క్రోమ్ అప్‌డేట్ చేసి ఎన్నేళ్ళయిందో. ఈ ఫోన్ వైరస్ అని ఏ షాపుకి తీసుకెళ్ళినా మూడొందలో ఐదొందలో తీసుకుని ఫార్మాట్ కొట్టేస్తారు. మా లైన్‌లో ఉన్నోళ్ళ మీద నేనే రాయడం బాగోదు గానీ జరుగుతుంది అదే. ఫార్మాట్ చేస్తే మోత ఆగుద్ది, ఆగదని కాదు, కానీ దాంతోపాటు మనవరాలి ఫొటోలు, కువైట్ నంబర్లు, చనిపోయినాయన వాయిస్ మెసేజ్‌లు అన్నీ పోతాయి, బ్యాంకు యాప్ మళ్ళీ మొదట్నుంచీ పెట్టుకోవాలి. క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్‌కి, అక్కడ నోటిఫికేషన్స్‌కి వెళ్తే అలో చేసిన సైట్ల జాబితా ఉంటది, తెలీని పేరు కనపడిందల్లా బ్లాక్ చేస్తే అయిపోయే పనికి ఇదంతా. ఆ చెత్త నోటిఫికేషన్ మీదే వేలు అలా నొక్కి పట్టుకున్నా ఆపేసే దారి దొరుకుద్ది. ఏపీకే దిగిందని అనుమానం ఉంటే ఫోన్‌ని సేఫ్ మోడ్‌లో (మనం దింపుకున్న యాప్‌లు నడవకుండా తెరిచే పద్ధతి) తెరిచి తీసెయ్యాలి, అది కొంచెం పని, నేర్పితే ఎవరైనా చేస్తారు.

సరే మరి ఫిర్యాదు సంగతి. ఒక పెద్దాయన్ని తీసుకుని నేనే స్టేషన్‌కి వెళ్ళానండి, ఏ స్టేషనో అనవసరం. "డబ్బు పోయిందా?" అన్నారు. లేదండి అన్నాం. "పోతే 1930కి చెయ్యండి, జాగ్రత్తగా ఉండండి" అన్నారు. వాళ్ళ తప్పు కూడా లేదు, వాళ్ళకిచ్చిన పనే అది. 1930 మంచి నంబరు, డబ్బు పోయిన వెంటనే చేస్తే బ్యాంకులో ఆపగలుగుతున్నారు. కేంద్రం చక్షు అని ఆన్‌లైన్లో ఫిర్యాదు చేసే చోటు పెట్టింది, అది దొంగ కాల్స్‌కి, ఎస్సెమ్మెస్‌లకి, వాట్సాప్‌కి. సైబర్ క్రైమ్ పోర్టల్లో అనుమానం ఉన్న సైట్ అడ్రస్ ఇవ్వడానికి చోటుంది, కానీ ఆ అడ్రస్ పట్టుకోవడం రాకే కదా మనిషి షాపుకొచ్చింది. 2017 ఫిబ్రవరిలో సైబర్ స్వచ్ఛతా కేంద్రం పెట్టి ఫ్రీగా వైరస్ తీసే టూల్స్ ఇస్తున్నారు, సంతోషం, కానీ ఇక్కడ తియ్యడానికి వైరసే లేదు, మనిషిని మోసం చేసి తీసుకున్న పర్మిషన్ ఉంది. అన్నీ ఉన్నాయి, ఆ మధ్యలో ఈ పెద్దాయన కూర్చునే కుర్చీ ఒక్కటీ లేదు.

చట్టాలు కూడా లేవని కాదు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ డార్క్ ప్యాటర్న్స్ మీద, అంటే సైట్లు, యాప్‌లు జనాన్ని మభ్యపెట్టే ఎత్తుల మీద, మార్గదర్శకాలు ఇచ్చింది, అందులో 13 రకాల మోసాలు రాశారు, 13వది చూస్తే అచ్చం ఇదే, మీ సిస్టమ్‌లో వైరస్ ఉందని భయపెట్టి దొంగ క్లీనింగ్ టూల్‌కి డబ్బు కట్టించి దాంతోనే వైరస్ ఎక్కించడం. ఐటీ చట్టంలో 66డి ఉంది, కంప్యూటర్, ఫోన్ అడ్డం పెట్టుకుని ఇంకొకడిలా నటించి మోసం చేసేవాడికి శిక్ష వేసే సెక్షన్. కానీ సైట్ పేరు ఇవాళ ఉన్నది రేపు ఉండదు, ఎవడి మీద కేసు పెడతారు, ఎక్కడున్నాడని పెడతారు. ఒకటి బ్లాక్ చేస్తే పది పుట్టుకొస్తాయి. 2022 మేలో అమలాపురం గొడవలప్పుడు మా జిల్లా మొత్తం మొబైల్ నెట్ ఆపేశారు, పాపం వర్క్ ఫ్రం హోం పిల్లలు లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం రావులపాలెం, యానాం వేపు పోయారు. అంత చెయ్యగలిగే ప్రభుత్వానికి మా ఫోన్లలో ఈ గోల తగ్గించడం కష్టమా అని జనం అడిగితే ఏం చెప్పాలో నాకు తెలీట్లేదండి. రెండూ ఒకటి కాదని నాకు తెలుసు, అయినా అడుగుతారు.

బ్రౌజర్లోళ్ళు కూడా ఊరుకోలేదు. 2020 జనవరి నుంచి ఫైర్‌ఫాక్స్‌లో మనం ఏదైనా నొక్కితే తప్ప ఆ డబ్బా దానంతటది రాదు. అదే ఏడాది క్రోమ్ కూడా మోసం చేసే సైట్ల డబ్బాని నోరెత్తకుండా పక్కన పెట్టడం మొదలెట్టింది. కొత్త క్రోమ్ అయితే కొన్ని పర్మిషన్లు తనే తీసేస్తోంది. ఇవన్నీ అప్‌డేట్ అయిన ఫోన్లకి. నన్నడిగితే మన దేశంలో అమ్మే ఫోన్‌లో ఈ నోటిఫికేషన్లు మొదట్నుంచీ ఆపేసే ఉండాలి, కావాల్సినోడు వెళ్ళి ఆన్ చేసుకోవాలి. దీని గురించి కేంద్రానికీ ఆ కంపెనీలకీ రాయాల్సింది మీరు, నేను రాస్తే ఎవరు చదువుతారు.

మీ చేతిలో ఉన్నది మాత్రం గ్రామ, వార్డు సచివాలయం. 2019 అక్టోబరు 2 నుంచి ఊరూరా ఉన్నాయి, ఊళ్ళల్లో ఉన్నవాటిల్లో డిజిటల్ అసిస్టెంట్ అని పోస్టే ఉంది. ఆ పిల్లలకి ఒక పూట ట్రైనింగ్ ఇప్పించండి చాలు, పవర్ పాయింట్లు వద్దు, పాడైన ఫోన్లు చేతికిచ్చి తియ్యమనండి. పింఛను తీసుకునే ముసలాళ్ళు ఫోన్ చూపిస్తే తీసి ఇవ్వాలి, ఆ సైట్ పేరు రాసుకుని పోర్టల్లో పెట్టాలి, డబ్బు పోయిందా లేదా అని అడగకుండా. పేర్లు అలా పోగైతే అప్పుడు పోలీసులకీ కేంద్రానికీ పంపడానికి మీ దగ్గర ఏదో ఉంటది. ఇప్పటికే వాళ్ళ మీద సర్వేల పని చచ్చేంత ఉందని తెలుసు, ఒక సర్వే తగ్గించి ఇది పెట్టండి. సోమవారం కలెక్టరేట్లో జరిగే పరిష్కార వేదికలో కూడా దీనికి ఒక బల్ల వెయ్యమనండి, అర్జీ రాయించుకోవడం కాదు, అక్కడికక్కడ ఫోన్ బాగుచేసి పంపే బల్ల.

ట్రైనింగ్ ఇవ్వడానికి మనుషులు లేరంటే రాజోలు, మలికిపురం, పాలకొల్లు, నరసాపురంలో మాలాంటి రిపేరోళ్ళు బోలెడుమందిమి ఉన్నాం, అడిగితే రాకుండా ఎవరూ ఉండరనుకుంటున్నా, నేనైతే డబ్బులు అడగను. శనివారం మాత్రం పెట్టకండి సార్, ఆ రోజు మా సెంటర్లో సంత, షాపు కట్టెయ్యడం కుదరదు.

ఇట్లు,
రాజోలు వేపు ఒక సెల్ షాపు వాడు