ఒకే లైన్‌లో రెండు రంగుల ట్యాగులు

ప్రపంచీకరణతో సంపన్నమైన దక్షిణ కొరియాలో మనిషికీ మనిషికీ మధ్య ఎడం పెరిగిపోతోంది. 1997 చివర్లో ఆర్థిక సంక్షోభం వచ్చినప్పుడు దేశం అప్పు తీర్చడానికి ఇక్కడి జనం పెళ్లి ఉంగరాలు, పిల్లల మొదటి పుట్టినరోజు బంగారం కూడా తెచ్చి ఇచ్చారు. అంత ఒక్కతాటిపై నిలిచిన సమాజానికి అప్పు ఇచ్చిన అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) షరతుల తర్వాత దక్కింది ఎప్పుడు ఊడతాయో తెలియని ఉద్యోగాలు. ఇప్పుడు జీతగాళ్లలో మూడో వంతుకు పైగా పర్మినెంట్ కానివాళ్లే. నేను పనిచేసే విడిభాగాల ఫ్యాక్టరీలో పర్మినెంట్ వాళ్ల మెడలో నీలం ట్యాగు, కాంట్రాక్టు వాళ్లకు బూడిద రంగు ట్యాగు. ఒకే లైన్‌లో ఒకే రకం బోల్టులు బిగిస్తారు, భోజనానికి మాత్రం వేర్వేరు బల్లల దగ్గర కూర్చుంటారు. వీళ్ల కన్నా కింద నేపాల్, వియత్నాం, కంబోడియా కార్మికులు. 2004లో మొదలైన, విదేశీ కార్మికులకు పని అనుమతి ఇచ్చే పర్మిట్ విధానం కింద వచ్చినవాళ్లు యజమాని ఒప్పుకోకుండా పని మారడం చాలా కష్టం. 2024 జూన్‌లో హ్వాసాంగ్ నగరంలోని బ్యాటరీ ఫ్యాక్టరీ మంటల్లో పోయిన 23 మందిలో 18 మంది విదేశీయులే. ప్రాణాపాయం ఉన్న పని ఎవరి నెత్తిన పడుతోందో ఇంతకంటే చెప్పాలా? సంతాన రేటు (ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య) 2023లో 0.72కు పడిపోయిన దేశానికి ఈ చేతులు లేకపోతే రేపు గడవదు. సమాన పనికి సమాన వేతనం కచ్చితంగా అమలు చేయాలి. వలస కార్మికులకు పని మారే స్వేచ్ఛను చట్టంలోనే రాయాలి. భద్రతా శిక్షణను వాళ్ల సొంత భాషలో, పనిలో చేరిన మొదటిరోజే ఇవ్వాలి.

— ఒక తెలుగు ఇంజినీరు, ఉల్సాన్, దక్షిణ కొరియా